టింక్చరు: ఒక మాట నడచి వచ్చిన త్రోవ

పిల్లవాడు ఆటలో పడి మోకాలు గీచుకొని ఏడ్చుచు ఇంటికి వచ్చినచో, మదనపల్లె వీధులలో నేమి, పుంగనూరు పల్లెలలో నేమి, కుప్పము అంగళ్లకడ నేమి, పెద్దలనోట మొదట వచ్చు మాట ఒకటి యుండెడిది: "కొంచెము టించరు అద్దండి." దూదిని గోధుమవన్నె ద్రవములో ముంచి గాయముపై అద్దెడివారు. చుఱ్ఱున మండెడిది. పిల్లవాడు మరియొక కేక వేసెడివాడు. చర్మముపై ఆ మరక రెండు మూడు దినములు నిలిచి, బడిలో తోడివారికి దెబ్బను చూపించుకొనుటకు గుర్తుగా మిగిలెడిది.

ఆ ప్రాంతపు శ్రోత యొకరు మాకు వ్రాసిన ఉత్తరములో ఒక ప్రశ్న వేసిరి. "టించరు అనునది మందు పేరా, మంట పేరా, రంగు పేరా? మన భాషలో దానికి సరియగు మాట లేదా?" అని. మాటల పుట్టుకను గూర్చి అడుగు ఉత్తరములు మాకు అరుదుగా వచ్చును. కనుక దీనిని సంతోషముతో చేతికి తీసికొంటిమి. ఒక్క వాక్యములో జవాబు చెప్పవచ్చును: ఔషధద్రవ్యమును మద్యసారములో నానవైచి, దాని సత్తువను దింపి, వడగట్టిన ద్రవమునకు టింక్చరు అని పేరు. కాని ఆ శ్రోత అడిగిన మూడింటిలో చివరిదే మొదటిదని తెలిసిన పిమ్మట అంతటితో ఊరకుండుట మాకు సాధ్యము కాలేదు. టింక్చరు మొదట రంగు పేరు. తరువాత మందు పేరు. ఆ తరువాత, దురదృష్టవశమున, మరియొక దాని పేరు కూడ అయినది. ఈ మూడు మెట్లను వరుసగా చూచెదము.

లాటిను భాషలో 'టింగెరె' అను క్రియ కలదు. తడుపుట, ముంచుట, రంగు వేయుట అని దానికి అర్థములు. గ్రీకు భాషలో దీనికి చుట్టమైన 'టెంగో' అను క్రియకు తడుపుట అనియే అర్థము. బట్టను తొట్టిలో ముంచనిదే రంగు పట్టదు. కనుక తడుపుట నుండి రంగువేయుట సహజముగా పుట్టినది. రంగువేయువాడు 'టింక్టోర్', వాని పని 'టింక్టూరా'. ఈ కుటుంబపు మాటలు ఐరోపా యంతటను వ్యాపించినవి. స్పెయిను దేశస్థులు ఎఱ్ఱని ద్రాక్షసారాయిని 'వీనో టింటో' అందురు. రంగుపట్టిన ద్రాక్షసారాయి అని అర్థము. వారు సిరాను 'టింటా' అందురు. జర్మనులు 'టింటె' అందురు. ఆంగ్లములో లేత వన్నెను తెలుపు 'టింట్', 'టింజ్' అను మాటలును ఈ ఇంటి బిడ్డలే.

'టింక్చర్' అను రూపము ఆంగ్లములో 1400 ప్రాంతమున కనబడుచున్నది. అప్పుడు దాని అర్థము రంగు, అద్దకము అని మాత్రమే. రాజవంశముల డాళ్లపై చిహ్నములు వ్రాయు శాస్త్రములో అక్కడ వాడు రంగులకు ఇప్పటికిని 'టింక్చర్లు' అనియే పేరు. మరికొంత కాలమునకు, ఒక వస్తువునకు లేశముగా అంటుకొన్న గుణమునకు కూడ ఈ మాటనే వాడసాగిరి. కొద్దిపాటి చదువు గలవానికి విద్యయొక్క టింక్చరు కలదని వారు అందురు. మనము చదువు వాసన కలదందుము. వారు రంగుతో చెప్పినదానిని మనము పరిమళముతో చెప్పుచున్నాము, భావము ఒక్కటే. అంటుకొన్నది కొంచెమే యైనను అది పోదు.

రంగు పేరు మందు పేరు ఎట్లయినది? దీనికి కారకులు బంగారము చేయబోయిన వారు. ఐరోపాలోని రసవాదులు సీసము, రాగి వంటి లోహములను జబ్బుపడిన బంగారమని భావించిరి. ఆ లోహమునకు పసిడివన్నె ఎక్కించు సూక్ష్మద్రవ్యము ఒకటి కలదనియు, అది సాధ్యపడినచో లోహము వెలుపలనే గాక లోపలకూడ మారిపోవుననియు వారి నమ్మకము. ఆ ద్రవ్యమును వారు 'టింక్చరు' అనిరి. లోహముయొక్క జబ్బు మాన్పగలది మనుష్యుని జబ్బు ఎందుకు మాన్పదు? ఈ ఆలోచనయే రసవాదిని వైద్యుని వాకిటికి తెచ్చినది. 1493లో పుట్టి 1541లో గతించిన పారసెల్సస్ అను వైద్యుడు, బంగారము చేయుట కాదు, మందు చేయుటయే రసవాదమునకు గమ్యమని చాటెను. పదునేడవ శతాబ్ది నడుమ నాటికి, మూలికయొక్క సారమును మద్యసారములోనికి దింపిన ద్రవమునకు టింక్చరు అను పేరు ఆంగ్లములో స్థిరపడినది. మూలికనుండి ద్రవమునకు రంగు దిగును. ఆ రంగుతో గుణము కూడ దిగుననుట దానిలోని భావము.

ఈ కథ మనకు క్రొత్తది కాదు. మన రసశాస్త్రమున పాదరసమునకు పదునెనిమిది సంస్కారములు చెప్పబడినవి. వానిలో ఒకదాని పేరు రంజనము. రంగు ఎక్కించుట అని అర్థము. దాని తరువాత లోహమును వేధించుట వచ్చును. అన్నిటికిని చివర ఆ రసమును దేహమునకు ఔషధముగా సేవించుట. రంగు, బంగారము, దేహము అను మెట్లు అక్కడను ఇక్కడను ఒకే వరుసలో నున్నవి. 'రంజ్' అను ధాతువునకు రంగుపట్టుట అని అర్థము. దానినుండియే రాగము, అనురాగము, విరాగము పుట్టినవి. మనస్సునకు పట్టిన రంగు అనురాగము. ఆ రంగు విడిచినచో విరాగము.

ఇక టింక్చరునకు ఆధారమైన మద్యసారమును చూతము. దానికి శాస్త్రజ్ఞులు వాడు ఆల్కహాలు అను మాట అరబ్బీ భాషలోని 'అల్ కుహ్ల్' నుండి వచ్చినది. కుహ్ల్ అనగా కంటికి పెట్టుకొను కాటుక. మెత్తగా నూరిన కాటుకపొడి పేరు మొదట సూక్ష్మమైన ఏ పొడికైనను, పిమ్మట ఏ వస్తువుయొక్క సారమునకైనను, కడపట ద్రాక్షసారాయినుండి దింపిన సారమునకును వర్తించినది. కనుక టింక్చరు సీసాలోని రెండు వస్తువుల పేర్లును అలంకారమునుండి పుట్టినవే: ఒకటి బట్టల రంగు, రెండవది కంటి కాటుక. మన సారాకు ఆంగ్లేయులు వాడు 'అర్రాక్' అను మాటయు అరబ్బీదే. 'అరక్' అనగా చెమట. బట్టీలో ఆవిరి చల్లబడి బొట్లుబొట్లుగా జారుటను చూచినవారికి ఆ పేరు వింతగా తోచదు. యూనానీ హకీములు తమ బట్టీమందులను నేటికిని అర్కులనియే పిలుతురు.

టింక్చరు చేయు పద్ధతి కష్టమైనది కాదు. వేరు, బెరడు, ఆకు, బంక మొదలగువానిని దంచి, మూతగల పాత్రలో మద్యసారము పోసి, అప్పుడప్పుడు కదుపుచు ఏడు దినములు నానవైచి, పిండి వడగట్టుట ఒక పద్ధతి. సన్నని నూకగా కొట్టిన దానిని గరాటువంటి పాత్రలో దిట్టముగా నింపి, పైనుండి మద్యసారమును మెల్లగా దిగనిచ్చుట రెండవది. తీవ్రమైన మందులకు నూరు పాళ్లలో పది పాళ్లు, సౌమ్యమైన వానికి ఇరువది పాళ్లు మూలద్రవ్యము ఉండవలెనని ఔషధసంహితలలో సామాన్యముగా పాటించిన నియమము. నీటిలో కరుగని బంకలు, సువాసన తైలములు మద్యసారములో కరగును. నీటి కషాయము రెండవనాటికి పులియును. టింక్చరు సంవత్సరములు నిలుచును. ఓడలలో నెలల తరబడి ప్రయాణము చేసిన జాతులకు ఇట్టి మందు ఎంత అనుకూలమో వేరుగ చెప్పనక్కరలేదు.

1624 మొదలు 1689 వరకు జీవించిన థామస్ సిడెన్‌హామ్ అను ఆంగ్ల వైద్యుడు నల్లమందును ద్రాక్షసారాయిలో నానవైచి, కుంకుమపూవు, దాల్చినచెక్క, లవంగములు చేర్చి ఇచ్చిన ద్రవము ఐరోపాలో రెండు శతాబ్దులు ఇంటింట నుండెను. నొప్పి తగ్గించినది అదియే. లెక్కలేనంతమందిని దానికి దాసులుగా చేసినదియు అదియే. సాంబ్రాణి టింక్చరు అట్టిది కాదు. మరుగునీటిలో కొన్ని బొట్లు వైచి ఆవిరి పట్టుటకు వాడుదురు. 'బెంజాయిన్' అను దాని పేరు 'లుబాన్ జావీ' అను అరబ్బీ పలుకుబడినుండి వచ్చినది. జావా సాంబ్రాణి అని అర్థము.

మన పిల్లవాని మోకాలిపై అద్దిన టింక్చరు కథ వేరు. 1811లో ఫ్రాన్సు దేశమున బెర్నార్డ్ కూర్తువా అనునతడు తుపాకిమందునకు కావలసిన పెట్లుప్పు తయారుచేయుచు, సముద్రపు పాచి బూడిదలో గంధకామ్లము ఎక్కువగా పోసెను. ఊదావన్నె ఆవిరి పైకి లేచి, చల్లని లోహముపై నల్లని స్ఫటికములుగా పేరుకొన్నది. గ్రీకులో ఊదావన్నె అని అర్థము వచ్చు మాటనుండి దానికి అయోడిన్ అను పేరు వచ్చినది. 1908లో ఇటలీ శస్త్రవైద్యుడు ఆంటోనియో గ్రోసిచ్, కోతకు ముందు రోగి చర్మముపై అయోడిన్ టింక్చరు పూయుట మేలని చూపెను. ఆ పిదప అది సైనికుల సంచులలోనికి, బడుల మందుపెట్టెలలోనికి, మారుమూల పల్లెలలోని కాంపౌండరు బల్లపైకి చేరినది. వందల టింక్చరులలో అది ఒకటి మాత్రమే. కాని మన జనులు కులము పేరునే మనిషి పేరుగా చేసి, టించరు అన్నచో అయోడినే అని స్థిరపరచిరి. అందులో నూటికి సుమారు రెండు పాళ్లు అయోడిన్ ఉండును. మంట మద్యసారముది, మరక అయోడిన్‌ది. ఇరువదవ శతాబ్ది నడుమ కనుగొనబడిన పోవిడోన్ అయోడిన్ వచ్చి ఆ మంటను మాన్పినది గాని మరకను మాన్పలేదు.

ఐరోపా వైద్యము మన దక్షిణదేశమునకు చెన్నపట్టణము మీదుగా వచ్చినది. కుంఫిణీ కొలువులోని వైట్‌లా ఎయిన్స్‌లీ అను వైద్యుడు 1813లోనే ఇచ్చటి మూలికలను గూర్చి చెన్నపట్టణమున గ్రంథము ప్రకటించెను. 1868లో ఇ. జె. వేరింగ్ సంపాదకత్వమున భారతదేశపు ఔషధసంహిత వెలువడినది. మరుసటి సంవత్సరమే చెన్నపట్టణమున మొహిదీన్ షెరీఫ్ అను వైద్యుడు దానికి అనుబంధ గ్రంథము కూర్చి, ఒక్కొక్క మూలికకు తెలుగు మొదలగు దేశభాషలలోని పేర్లు చేర్చెను. మందు అంగడివాడు ఒక పేరు, వైద్యుడు ఒక పేరు, పల్లెవాడు మరియొక పేరు చెప్పినచో రోగికి ఏమి ముట్టునో ఎవరికిని తెలియదు. పేర్లు సరిచూచుట కూడ ప్రాణరక్షణయే అని ఆయన కృషి తెలుపుచున్నది.

ఇట్లు పరదేశమునుండి వచ్చిన ఈ మాటకు మన దేశమున చుట్టములు ముందునుండియే కలరు. వారిని వెదకుటకు మదనపల్లెకు పోవుదము. ఊరిని ఆనుకొనియున్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరుపొందినది. పట్టునూలు మగ్గమెక్కుటకు ముందు రంగు తొట్టిలో మునుగవలెను. రంగులు నేడు రసాయనములే. కాని ముంచుట, పిండుట, నీడన ఆరవేయుట అను పనులు మారలేదు. లాటినువారి టింక్టోరు వచ్చి అచట నిలిచినచో, భాష తెలియకున్నను పని తెలియును.

రంగులు చెట్లనుండి దిగిన కాలములో ఈ పని వైద్యుని పనికి మరింత దగ్గర. నాటి చిత్తూరు జిల్లాలోనిదే యైన శ్రీకాళహస్తి కలంకారీని చూడుడు. బట్టను మొదట కరక్కాయ రసమును పాలను కలిపి అందులో నానవైతురు. ఎఱుపు నిలుచుటకు పటిక పూయుదురు. చిరువేరు, మంజిష్ఠ మొదలగువానితో ఎఱుపు దింపుదురు. కరక్కాయ ఎవరిది? దగ్గునకు బుగ్గన పెట్టుకొను ముసలమ్మది. పటిక ఎవరిది? గడ్డము గీచి గాటుపడిన చోట రాయు మంగలిది. మంజిష్ఠ ఎవరిది? రక్తశుద్ధికి కషాయము కాచు వైద్యునిది. పసుపు సంగతి చెప్పనేల? బట్టకు రంగు, కూరకు వన్నె, గాయమునకు మందు. పొట్టిజాతి ఆవులకు పేరుపొందిన పుంగనూరులో, గిట్టకు ముల్లు విరిగిన పశువునకు పసుపు నూనెతో నూరి పూయు రైతును, టించరు అద్దు రైతును పక్కపక్కన నిలిపినచో, ఇద్దరి చేతివ్రేళ్లకును ఇంచుమించు ఒకే మరక.

ఇంతకంటె దగ్గరి చుట్టము కషాయము అను మాట. సంస్కృతమున దీనికి వగరురుచి అని ఒక అర్థము, మూలికల సారము దింపిన ద్రవము అని ఒక అర్థము, ఎఱుపుకలిసిన పచ్చవన్నె అని మరియొక అర్థము. బెరళ్లను నీటిలో కాచినచో ఈ మూడును ఒక్కమారే లభించును గదా. ఆ ద్రవములో ముంచిన వస్త్రము కాషాయము. బౌద్ధ భిక్షువులు తమ వస్త్రములకు వేరు, మాను, బెరడు, ఆకు, పూవు, కాయ అను ఆరింటినుండి తీసిన రంగులు వాడవచ్చునని వారి వినయగ్రంథములలో కలదు. వైద్యుడు మూలికయొక్క ఏ యంగములను కోరునో అవియే ఇవి. సన్న్యాసి పైవస్త్రమునకును, జ్వరపీడితుని గిన్నెకును మనము ఒకే మాటను ఒక దీర్ఘము భేదముతో వాడుచున్నాము. రోములో టింక్టూరా నడచిన త్రోవలోనే ఇచ్చట కషాయము నడచినది. ఒకరినొకరు ఎరుగని రెండు భాషలు ఒకే సంగతిని గమనించినవి.

అయితే ఇది ప్రాచీనుల ఊహ మాత్రమేనా? ఆధునిక శాస్త్రము ఈ బంధుత్వమును త్రెంచలేదు సరికదా, బిగించినది. 1856లో పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ చలిజ్వరపు మందైన క్వినైనును చేయబోయి ఊదారంగును చేసెను. రసాయనపు రంగుల పరిశ్రమ అంతయు అందుండి పుట్టినది. పాల్ ఎర్లిహ్ అను జర్మను వైద్యుడు, రంగు కొన్ని క్రిములకు పట్టి కొన్నిటికి పట్టకుండుటను చూచి, క్రిమికి మాత్రమే అంటి మనిషిని విడుచు మందు ఏల యుండరాదని తలచెను. 1930 తరువాతి దశాబ్దిలో గెర్హార్డ్ డోమాక్ పరీక్షించిన ప్రాంటోసిల్ అను ఎఱ్ఱరంగే సల్ఫా మందులకు నాంది అయినది.

దీనికి సాక్ష్యము మదనపల్లెకు కొద్దిదూరముననే కలదు. క్షయరోగులకొరకు 1915లో ఆరోగ్యవరమున శానిటోరియము వెలసినది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలినాళ్ల అధిపతి. మన దేశమున బి.సి.జి. టీకాలు 1948లో మొదలైనదియు మదనపల్లెలోనే. క్షయక్రిమి కంటికి చిక్కుట ఎట్లు? 1882లో రాబర్ట్ కాక్ దానికి రంగు వేసి పట్టెను. నాటినుండి క్షయవైద్యశాలలలో రోగి కఫమును గాజుపలకపై పూసి, రంగులో తడిపి, ఆమ్లముతో కడుగుదురు. తక్కినవన్నియు రంగు విడుచును. క్షయక్రిమి ఒక్కటి ఎఱ్ఱగా నిలుచును. క్రిములకు గల ఈ రంగుపట్టు గుణమును శాస్త్రజ్ఞులు నేటికిని టింక్టోరియల్ గుణమందురు. నీరుగట్టువారిపల్లెలో పట్టునకు రంగు వేయువాడును, ఆరోగ్యవరము వంటి వైద్యశాలలో గాజుపలకకు రంగు వేయువాడును ఆ లాటిను మాటకు ఇద్దరు వారసులు.

ఇంతవరకు రంగు, మందు. మూడవ మెట్టునకు పోవుటకు ముందు మన సొంత మాటయైన మందును పరీక్షింపవలెను. పందొమ్మిదవ శతాబ్దిలో కడప మండలమున నీలి వ్యవసాయము విరివిగా సాగినది. మదనపల్లె అప్పుడు ఆ మండలములోనిదే. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. 1897లో జర్మనుల కృత్రిమ నీలి బజారునకు వచ్చుటతో ఆ వ్యవసాయము చితికిపోయినది. ఆ రంగునకు తెలుగువాడు పెట్టిన పేరు ఏమి? నీలిమందు. లాటినువాడు మందును రంగు అనెను. తెలుగువాడు రంగును మందు అనెను. తుపాకిలో కూరునది మందు. పైరుపై చల్లు విషము మందు. గిట్టనివారికి అన్నములో కలుపుదురని భయపడునదియు మందే.

కుప్పము వంటి చోట దీనిని మూడు భాషలలో ఒక్కమారు వినవచ్చును. తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలియు మూల అది; 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచ్చట నెలకొన్నది. తమిళుని 'మరుందు', కన్నడిగుని 'మద్దు', మన 'మందు' ఒక తల్లి బిడ్డలు. ముగ్గురును ఆ మాటతో రోగమును మాన్పుదురు, తుపాకియు ప్రేల్చుదురు. శక్తిగల చూర్ణము, శక్తిగల ద్రవము ఏదైనను మందే. మేలు కీడులను ఆ మాట విడదీయదు. ఆ విచక్షణ చేయవలసినవాడు వాడువాడు.

నేడు ఊరిలో ఎవడైన మందు త్రాగి వచ్చినాడన్నచో జ్వరమునకు త్రాగెనని ఎవరును అనుకొనరు. వేడుకగా మాటలాడు ఆంగ్లేయులు కూడ సాయంకాలపు పానమును టింక్చరు అందురు. సిగ్గుపడవలసిన పనికి వైద్యుని పేరు తొడుగుట అన్ని దేశములలోను కలదు.

మన ఆయుర్వేదమునకు మద్యసారము అంటరానిది కాదు. ద్రాక్షాసవము, దశమూలారిష్టము మొదలగు ఆసవారిష్టములలో బెల్లము, ధాతకీపుష్పములు చేర్చి పులియబెట్టుటవలన మద్యసారము అందులోనే కొద్దిగా పుట్టును. టింక్చరులో అట్లు కాదు. బట్టీ దింపిన తీవ్రమైన మద్యసారమును తెచ్చి పోయుదురు. అల్లపు టింక్చరును నూటికి తొంబది పాళ్ల బలముగల మద్యసారముతో చేయుదురు. మోతాదు చెంచాలో కొన్ని బొట్లు. మోతాదు మరచినచో మిగులునది సారాయే.

ఈ సంగతి చిత్తూరు జిల్లావారికి ఊరక చెప్పు మాట కాదు. చెన్నరాష్ట్ర ప్రధానిగా రాజగోపాలాచారిగారు 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించిరి. మరుసటి సంవత్సరము అదే తేదీన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరింపజేసిరి. తెలుగుసీమలో ఆ శాసనమును మొదట చవిచూచినవి ఈ రెండు జిల్లాలే. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును అందులోనివి. కుప్పమునకు ఒకవైపు సేలము జిల్లా, అచ్చటను నిషేధమే. మరియొకవైపు మైసూరు సంస్థానపు కోలారు సీమ, అచ్చట చెన్నరాష్ట్ర చట్టము చెల్లదు. యుద్ధకాలమున సడలిన ఆ నిషేధము తిరిగి వచ్చి, 1948 నాటికి చెన్నరాష్ట్రమంతటను వ్యాపించినది.

మద్యమును నిషేధించిన ఏ ప్రభుత్వమైనను మందును నిషేధింపజాలదు. ఆ సందులోనుండియే టింక్చరు సీసా క్రొత్త వేషముతో బయటికి వచ్చినది. కల్లుపాక మూతపడిన చోట అల్లపు టింక్చరునకు గిరాకి పెరుగుట దేశములో పలుచోట్ల అధికారులను కలవరపెట్టినది. ఇది మన దేశపు వింత కాదు. 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధము అమలైన అమెరికాలో, జమైకా అల్లపు సారము అను మందును పేదలు పానముగా వాడిరి. అధికారుల పరీక్షను తప్పించుకొనుటకు కొందరు వర్తకులు అందులో ఒక రసాయనమును కలిపిరి. అది నరములను చంపు విషము. 1930లో వేలకొలది మందికి కాళ్లు చచ్చుబడెను. వారిలో పెక్కురు మరల సరిగా నడువలేదు. సీసాపై మందు అనియే వ్రాసియుండెను.

న్యాయస్థానములు కూడ ఈ చిక్కుముడిని విప్పవలసివచ్చినది. బొంబాయి రాష్ట్రపు మద్యనిషేధ చట్టముపై బల్సారా అనునతడు తెచ్చిన వ్యాజ్యెములో సుప్రీముకోర్టు 1951లో తీర్పు చెప్పుచు, మద్యసారము కలిసిన మందులను, అలంకరణద్రవ్యములను మద్యముతో సమముగా నిషేధించు భాగములు చెల్లవనెను. మందు మందే, మద్యము మద్యమే అని న్యాయము తేల్చినది. కాని ఆ గీత సీసాలో లేదు. త్రాగువాని ఉద్దేశములో నున్నది. దానిని ఏ చట్టము కొలువగలదు?

ఇప్పుడు మా శ్రోత ప్రశ్నకు తిరిగి వచ్చెదము. టింక్చరునకు తెలుగు మాట కావలెనా? ఆసవమందమా, చేయు పద్ధతి వేరు. కషాయమందమా, అది నీటిలో దిగునది. అరకు అందమా, అది బట్టీలో దిగునది. సంస్కృతపదములు కూర్చి క్రొత్తమాట చేయవచ్చును గాని, అది నిఘంటువులో నుండును. దెబ్బతగిలిన పిల్లవాని తల్లి నోట నుండదు. టించరు అను రూపమును మన జనులు నోటికి అనువుగా నూరి తమది చేసికొనియే యున్నారు. ఉంచుకొనుటయే మేలని మా అభిప్రాయము. అయితే సీసా చేతికి తీసికొన్నప్పుడు ఆ పేరులో ఏమున్నదో ఎరిగియుండుట అవసరము. పైన పూయు టించరు వేరు, మోతాదుతో లోపలికి పుచ్చుకొను టించరు వేరు. ఈ భేదము తెలియక ఒకదానికి బదులు మరియొకటి వాడుటవలనను, రెండింటిని మద్యముగా భావించుటవలనను నష్టపడు వారు పేదలే.

ఒక సంగతి మాత్రము మాకు వ్రాయుచుండగా తోచినది. తెలుగువారు టింక్చరును పూయుమనరు, రాయుమనరు, అద్దుమందురు. అద్దుట అనగా తడిపి తాకించుట. బట్టకు రంగు వేయుట. లాటిను క్రియకు గల అర్థములు ఈ చిన్న తెలుగు క్రియకును కలవు. ఆ భాష ఎరుగని మన అమ్మలు, అవ్వలు, కాంపౌండరులు ఆ పరదేశపు నామమునకు ప్రక్కన దాని మూలార్థమునే క్రియగా నిలిపిరి. మా శ్రోత అడిగిన తెలుగు మాట వారి యింటిలోనే, వారి నోటనే ఉన్నది.